బ్యాటరీ కింద గుడ్డ

మూడో గుండీ దగ్గర ఆగిపోయాడు. గుండీ వేళ్ల మధ్యే ఉంది, కాజా ఎదురుగానే ఉంది, కానీ రెండూ అలిగిన వియ్యంకుల్లా ఒకదాని మొహం ఒకటి చూడడం లేదు. వంగి చూసి పెడదామంటే గడ్డం అడ్డం వచ్చింది. ఆయన భార్య పొయ్యి దగ్గర నుంచి వచ్చి, తడి చేతులు గుడ్డకి తుడుచుకుని, మూడూ నాలుగూ అయిదూ గబగబా పెట్టేసి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఏడెనిమిది నెలలుగా ఇదే వరస. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు. ఒకసారి మాత్రం ఆవిడ, "ఈమధ్య గుండీలు మరీ చిన్నవి కుడుతున్నారు" అంది. ఆ చొక్కా పదేళ్లనాటిది.

ఆయనకున్న ఏడు చొక్కాలకీ పొట్ట దగ్గర ఆవగింజంత, కందిగింజంత చిల్లులున్నాయి. యాసిడ్ చుక్క పడ్డప్పుడు బట్టకేమీ కాదు. ఉతికిన రోజున చిల్లు పడుతుంది. అందుకని ఆ నేరం ఎప్పుడూ ఉతికినవాళ్ల మీదికే పోతుంది. పెళ్లయిన కొత్తలో ఆవిడ ఆ చిల్లులు తన తప్పేననుకుని రెండు నెలలు బిక్కుబిక్కుమంటూ గడిపింది. సంగతి తెలిశాక, ఆ రెండు నెలలకీ బదులు ముప్ఫై ఏళ్లుగా దెప్పుతూనే ఉంది.

షెడ్డులో ఆయన్ని సోడా బాబాయ్ అంటారు. అసలు పేరు ఓటరు కార్డు మీద ఉంది, ఎన్నికలప్పుడు తీసి చూసుకుంటాడు. ముప్ఫై నాలుగేళ్లుగా ఆయన పని ఒక్కటే. కార్లలో బ్యాటరీలు చుట్టుపక్కల ఉన్న ఇనుమును తినెయ్యకుండా చూడడం. బ్యాటరీ పైకి బుద్ధిమంతురాలు. కదలదు, మెదలదు, ఒక మూల కూర్చుంటుంది. కానీ చార్జి ఎక్కినప్పుడల్లా లోపలి నుంచి ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరికి బయటికి దారి లేకపోతే అక్కడే చెమటపట్టి చుక్కలవుతుంది. చుక్క ముందు రంగును తింటుంది, తరువాత రేకును తింటుంది. ఒక ఏడాది గడిచాక చూస్తే రేకు ఉండవలసిన చోట రోడ్డు కనిపిస్తుంది. మిగతా మెకానిక్కులందరూ పాడైనది బాగుచేస్తారు. ఈయన పాడవకముందే వెళతాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది ఆయన నోట రోజుకొకసారైనా వస్తుంది. పాడవకుండా ఉన్నదాన్ని చూసి మెచ్చుకునేవాళ్లు లోకంలో తక్కువ. ఆయనకు అది అలవాటైపోయింది.

బస్సు దిగి షెడ్డులోకి వచ్చి, తన బల్ల వెనక గోడకున్న మేకుకి అన్నం సంచీ తగిలించాడు. బకెట్లో నీళ్లు పట్టి వంటసోడా కలిపాడు. ఎవరి బండి వచ్చినా రాకపోయినా బకెట్ సిద్ధంగా ఉండాలి. పక్క బల్ల డెంటర్‌ది. సొట్టలు తీసే పని, మనసులో మాట సుత్తి చేతిలో ఉంటే గాని బయటపెట్టడు. అప్పుడు కూడా ఎవరికీ వినిపించదు. టీ వచ్చింది. అందరూ గ్లాసు అంచు పట్టుకుని ఊదుకుంటూ ఉంటే, సోడా బాబాయ్ సలసల కాగే గ్లాసును పిడికిట్లో బిగించి పట్టుకుని తీరిగ్గా తాగుతున్నాడు.

"అన్నా, నీవి చేతులా, పటకార్లా?" అన్నాడు డెంటర్.

"కష్టపడ్డ చేతులయ్యా" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. కాస్త గర్వంగా ఆయన కూడా నవ్వాడు.

పదిన్నరకి టీచరుగారి బండి వచ్చింది. ఆవిడ లెక్కల టీచరు, ఉద్యోగం మానేసి అయిదేళ్లయింది. బండి మాత్రం చదువుకునే కుర్రాళ్లు గోడకి బొమ్మ అతికించుకునే రకం. ఆకుపచ్చ రంగు, ఇద్దరికే చోటు, ఎత్తు మనిషి నడుము దాకా. ఎక్కాలంటే ముందు కూర్చోవాలి, తరువాత కాళ్లు లోపలికి లాక్కోవాలి. యాభై రెండో ఏట ఆవిడ దాన్ని కొనుక్కుంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. ముసలితనానికి రేసుబండా అన్నారు. ఆవిడ పట్టించుకోలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే కొండ రోడ్డు మీద ఒక చుట్టు వేసి వస్తుంది. నవ్వినవాళ్లలో సగంమంది ఇప్పుడు ఆ పక్క సీటు కోసం వంతులు వేసుకుంటున్నారు.

ఆ బండి తేలిక. తేలిగ్గా ఉండాలని రేకు పల్చగా వేశారు, బరువు సమంగా ఉండాలని బ్యాటరీని ముందు నుంచి తీసి వెనక డిక్కీలో, కుడిమూల ఒక చిన్న గుంటలో పెట్టారు. పల్చటి రేకు, మూసి ఉండే డిక్కీ, అందులో ఆవిరి వదిలే బ్యాటరీ. సోడా బాబాయ్ లెక్కలో అది పాముని పక్కలో పెట్టుకుని పడుకోవడమే. అందుకే ఆ బ్యాటరీ పక్కన చిన్న చిల్లు ఉంటుంది, ఆ చిల్లుకి రబ్బరు గొట్టం తగిలిస్తే ఆవిరి అడుగు నుంచి బయటికి పోతుంది. చిల్లు ఉన్నది రేకు గోడ వైపు. అక్కడికి మణికట్టు దాకా చెయ్యి పడుతుంది గాని కన్ను పట్టదు. గొట్టం మూతిని బొటనవేలితో నొక్కుకుంటూ పోవాలి. పూర్తిగా కూర్చున్నప్పుడు వేలికి చిన్న టిక్‌మని తెలుస్తుంది. శబ్దం కాదు, వేలికే తెలిసే టిక్కు.

"సోడాగారూ, ఆరు నెలలయింది, తెచ్చేశాను" అంది టీచరుగారు. "మీరొకసారి చూశారంటే నేను మళ్లీ ఆ మూత ఎత్తను."

"అక్కర్లేదమ్మా. కూర్చోండి, గంటలో అయిపోతుంది" అన్నాడు.

డిక్కీ ఎత్తి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందుగా దారం చూసుకున్నాడు. బ్యాటరీని బిగించే పట్టీకి తను తెల్ల నూలుదారంతో ఒక ముడి వేస్తాడు. నాలుగు చుట్లు, రెండు మెలికలు, ఆ ముడి ఇంకెవరికీ రాదు. మధ్యలో ఎవరైనా బ్యాటరీ ముట్టుకుంటే ముడి తెంచకుండా కుదరదు. ముడి చెక్కుచెదరలేదు. కత్తెరతో కోసి, నెగటివ్ తీగ ముందు విప్పి, తరువాత పాజిటివ్ విప్పి, పట్టీ వదులు చేసి, బ్యాటరీని రెండు చేతులతో పైకి ఎత్తాడు.

కింద గుడ్డ ఉంది. ఈ గుడ్డ ఆయన సొంత తెలివి. మందపాటి ఉన్ని గుడ్డను పసుపు నీళ్లలో ముంచి, ఆపైన బట్టల సోడా నీళ్లలో ముంచితే ఎర్రగా మారుతుంది. ఆరబెట్టి బ్యాటరీ కింద పరుస్తాడు. యాసిడ్ పడనంత కాలం ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. పడ్డ చోట మళ్లీ పసుపుగా అయిపోతుంది. అబద్ధం చెప్పడం దానికి చేతకాదు. టీచరుగారి బండిలో పదకొండేళ్లుగా ఆరు నెలలకోసారి ఆ గుడ్డ ఎర్రగానే బయటికి వచ్చింది.

ఇప్పుడు దాని మధ్యలో అరచెయ్యంత పసుపు మచ్చ ఉంది.

గుడ్డ ఎత్తాడు. కింద ఆకుపచ్చ రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. గోటితో ఒక పొక్కు గీరితే ఊడి వచ్చింది, లోపల తుప్పు. గొట్టం పక్కకి వేలాడుతోంది.

లేచి టీచరుగారి దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, మధ్యలో ఎవరైనా బ్యాటరీ విప్పారా?"

"ఎవరు విప్పుతారు? తాళంచెవి నా మెడలోనే ఉంటుంది. మీరు తప్ప ఎవరూ ముట్టలేదు. ఏం?"

"ఏం లేదు. ఊరికే అడిగాను."

అడగనవసరం లేదని అడుగుతున్నప్పుడే ఆయనకు తెలుసు. ముడి తెగలేదు. ఆ ముడి తనదే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తిరిగి వస్తూ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

మచ్చ మీద సోడానీళ్లు పోశాడు. సుయ్యిమని నురగ లేచింది. నురగ ఆగేదాకా పోశాడు, మంచినీళ్లతో కడిగాడు, తుడిచాడు. డెంటర్ వచ్చి పక్కన గొంతుక్కూర్చుని స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా పొడిచి చూశాడు.

"చిల్లు పడలేదు. ఇంకో ఆరు నెలలు ఆగితే డిక్కీలోంచి రోడ్డు చూసేవాళ్లం. గీకి రంగేసేస్తాను, అరగంట పని" అన్నాడు. తరువాత గుడ్డ చూశాడు. చూసి గొంతు తగ్గించాడు. "అన్నా, బకెట్లో కాస్త బట్టల సోడా కూడా వేసి దీన్నొకసారి ముంచెయ్. ఎర్రబడిపోతుంది. ఇది మనిద్దరి మధ్య ఉంటుంది."

ముంచితే ఎర్రబడుతుంది. ఆ సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బకెట్ మూరెడు దూరంలో ఉంది. కింద రంగు వేస్తారు, పైన కొత్త గుడ్డ పడుతుంది, ఆ పైన బ్యాటరీ కూర్చుంటుంది. టీచరుగారు మూత ఎత్తే మనిషి కాదు. ఎత్తను అని ఇందాకే చెప్పింది.

గుడ్డ పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. తల పైన గోడకి మేకు ఉంది, దానికి అన్నం సంచీ ఉంది.

ఆ మేకు సంచీ కోసం కొట్టింది కాదు. పద్నాలుగేళ్ల కిందట ఈ బల్ల దగ్గర ఆయనతోపాటు ఇంకొకాయన పనిచేసేవాడు. పొడుగాయన అనేవాళ్లు. నెమ్మదస్తుడు, వయసులో ఈయనకన్నా రెండేళ్లు చిన్న. ఆయన చూసి పంపిన ఒక బండి ఏడాది తరువాత ఇలాగే తిరిగి వచ్చింది. గొట్టం ఊడి, గుడ్డ పసుపై, రేకుకి రూపాయి బిళ్లంత చిల్లు పడి. ఆరోజు సోడా బాబాయ్‌కి ఒళ్లు మండింది. గోడకి మేకు కొట్టి, ఆ గుడ్డను దానికి తగిలించి, షెడ్డులో ఉన్న అందరినీ పిలిచి చూపించి, "చేతికి తెలియనివాడు ఈ పని ముట్టుకోకూడదు" అన్నాడు. పొడుగాయన వాదించలేదు. "తెలిసిందనే అనుకున్నానన్నా" అన్నాడు. అంతే. మర్నాడు రాలేదు. బస్సు దారిలోనే ఒక స్కూలు దగ్గర గేటు కాపలాకి కుదిరాడని తరువాత విన్నారు. వారం రోజుల తరువాత గుడ్డ తీసేశారు. మేకు ఉండిపోయింది. ఖాళీగా ఎందుకని సోడా బాబాయ్ దానికి సంచీ తగిలించుకోవడం మొదలుపెట్టాడు.

తెలిసిందనే అనుకున్నాను. అప్పుడది వట్టి సాకులా వినిపించింది. తెలియకపోతే తెలియలేదని తెలియదా అనుకున్నాడు. ఇప్పుడు కుడి బొటనవేలిని ఎడమచేతి గోటితో నొక్కి చూసుకున్నాడు. గోరు దిగినట్టు కంటికి కనిపించింది. వేలికి మాత్రం ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఎవరో తలుపు కొట్టినట్టు ఉంది. గుండీలు, టీ గ్లాసు, మొన్న జేబులోనే ఉండి చేతికి తెలియని తాళంచెవి కోసం ఇల్లంతా వెతకడం, అన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. ఆయనకు సిగ్గేసింది. బండి పాడైనందుకు కాదు. పద్నాలుగేళ్లు ఆ మేకుకి సంచీ తగిలించుకుని, దాని కింద కూర్చుని అన్నం తిన్నందుకు.

డెంటర్ గీకడం, రంగు వెయ్యడం అయిపోయింది. రంగు ఆరింది. కొత్త ఎర్రగుడ్డ పరిచి, బ్యాటరీ కూర్చోబెట్టి, సోడా బాబాయ్ చెయ్యి లోపలికి పోనిచ్చాడు. గొట్టం మూతి దొరికింది. చిల్లు దగ్గర పెట్టి నొక్కాడు. నొక్కుకుంటూ పోయాడు. ముప్ఫై నాలుగేళ్ల అలవాటు కదా, వేలికి ఏమీ తెలియకపోయినా మనసులో టిక్‌మంది. ఆ టిక్కు ఎంత స్పష్టంగా ఉందంటే, మామూలు రోజయితే చెయ్యి బయటికి తీసి ముడి వేసేసేవాడు.

"తమ్ముడూ, నువ్వొకసారి చూడు."

డెంటర్ చెయ్యి పెట్టాడు. భుజం కొద్దిగా కదిలింది. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇప్పుడు పట్టిందన్నా" అన్నాడు.

ఇప్పుడు. సోడా బాబాయ్ తల ఊపాడు. మిగతా పని తనే చేశాడు. అందులో తెలియాల్సింది ఏమీ లేదు, కళ్లు చాలు. పాజిటివ్ ముందు, నెగటివ్ తరువాత, తీగల మూతులకి వాసలీన్, పట్టీ బిగింపు, ఇంజన్ ఆన్ చేయించి చార్జింగ్ ఎక్కువ పోతోందేమో మీటరు పెట్టి చూడడం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. చివరికి దారపు ఉండ తీసి డెంటర్ చేతిలో పెట్టాడు.

"ముడి నువ్వు వెయ్యి."

"నీ ముడి నాకు రాదుగా!"

"నాది ఎందుకు? నీ ముడి వెయ్యి. రేపు ఎవరైనా అడిగితే నువ్వే చెప్పుకోవాలి."

డెంటర్ తల గోక్కుని, తనకు వచ్చిన ఒకే ఒక్క ముడి వేశాడు. బూటు లేసుకి వేసే పువ్వు ముడి. రెండు రెక్కలూ సమానంగా వచ్చేదాకా సర్దాడు కూడా.

సోడా బాబాయ్ గుడ్డ తీసుకుని టీచరుగారి ముందు నిలబడ్డాడు. షెడ్డు యజమాని అప్పుడే లోపలి గదిలోంచి వచ్చాడు. నలభై ఏళ్లవాడు, వాళ్ల నాన్న ఉన్నప్పటి నుంచీ ఈయన్ని బాబాయ్ అనే పిలుస్తాడు.

"అమ్మా, కిందటిసారి గొట్టం నేను సరిగ్గా పెట్టలేదు. ఆవిరంతా లోపలే దిగి డిక్కీ రేకు కొంత తినేసింది. గీకి రంగేశాం, చిల్లు పడలేదు. ఇదిగో, ఇదీ గుడ్డ" అన్నాడు.

ఆవిడ గుడ్డ చేతిలోకి తీసుకుని, తప్పు లెక్క చేసిన నోటు పుస్తకాన్ని చూసినట్టు చాలాసేపు చూసింది.

"ముప్ఫై అయిదేళ్లు పాఠాలు చెప్పాను. తప్పు ఏ మెట్టులో జరిగిందో తనంతట తను చూపించినవాణ్ని ఇద్దర్నో ముగ్గుర్నో చూశాను" అంది. "సరే, మళ్లీ ఆరు నెలలకి తీసుకొస్తాను."

"తీసుకురండి. ఈ తమ్ముడు చూస్తాడు. ఇతని వేలికి తెలుస్తుంది."

ఆవిడ ఇంకేదో అడగబోయి ఆయన చేతుల వైపు చూసింది. బండిలో ముందు కూర్చుని, తరువాత కాళ్లు లాక్కుంది. ఆకుపచ్చ బండి సందు మలుపు తిరిగేదాకా ముగ్గురూ నిలబడి చూశారు.

"ఇదేంటి బాబాయ్, ఈ మాత్రానికి?" అన్నాడు యజమాని. "ఫోన్ లోపల పెట్టి ఫొటో తీస్తే గొట్టం కనిపిస్తుంది కదా. రోజూ అలా చూసుకో."

"ఫొటోలో పెట్టినట్టు కనిపిస్తుంది బాబూ. పట్టినట్టు కనిపించదు."

"అయితే ఇంకో పని చెయ్. స్టోరు చూసుకో. కూర్చుని చేసే పని."

"పొడుగాయనకి స్టోరు ఇచ్చామా?"

యజమాని బల్ల వెనక మేకు వైపు చూశాడు. ఆరోజు వాళ్ల నాన్న పక్కన నిలబడి ఆ గుడ్డ చూసినవాళ్లలో అతనూ ఒకడు. సోడా బాబాయ్ అడిగింది కోపంగా కాదు. బదులు కోసం కూడా కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలాగూ తప్పదు, కనీసం పట్టుకున్నట్టు నలుగురికీ కనిపిస్తే బాగుంటుందని ఆయనకి అనిపించింది.

మధ్యాహ్నం వచ్చిన రెండు బండ్లు చూశాడు. గొట్టం ఉన్న చోట డెంటర్ని పిలిచాడు. అయిదింటికి బకెట్లో నీళ్లు పారబోసి, బోర్లించబోయి, మళ్లీ మనసు మార్చుకుని నీళ్లు పట్టి సోడా కలిపి పెట్టాడు. పొద్దున్న వచ్చేవాళ్లకి సిద్ధంగా ఉంటుంది. మేకు మీది సంచీ తీసుకుని భుజానికి వేసుకున్నాడు. గుడ్డను రెండు మూలలూ పట్టుకుని మేకుకి తగిలించాడు. ఒకసారి జారి కింద పడింది. వేళ్లకి ఉన్ని పట్టు దొరకలేదు. రెండోసారి కళ్లతో చూసుకుంటూ తగిలించాడు.

"రేపు వస్తావుగా అన్నా?" అన్నాడు డెంటర్, సుత్తి చేతిలో లేకుండానే.

"వాసలీన్ డబ్బా మూత సరిగ్గా పెట్టు, దుమ్ము పడుతుంది" అన్నాడు ఆయన. బస్టాపు వైపు నడిచాడు.

తిన్నగా ఇంటికి పోలేదు. రెండు స్టాపులు దాటి ఆ స్కూలు ముందు దిగాడు. గేటు వేసి ఉంది. కాపలా కుర్చీలో ఎవరో పడుచువాడు ఉన్నాడు. పొడుగ్గా ఉండే ఒకాయన ఇక్కడ పనిచేసేవాడు కదా అని అడిగితే, ఆయన చనిపోయి నాలుగేళ్లయిందని చెప్పాడు. మంచి మనిషి, పిల్లల బూట్ల లేసులు ఊడితే వంగి కట్టేవాడు, ఎప్పుడూ ముడి సరిగ్గా పడేది కాదు, వాళ్లే మళ్లీ కట్టుకునేవాళ్లు అని కూడా చెప్పాడు. సోడా బాబాయ్ సరేనన్నాడు. గేటు ఊచ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. పగలంతా ఎండలో ఉన్న ఊచ ఇంకా కాలుతూ ఉండాలి. ఆయన చేతికి ఏమీ తెలియలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి.

ఇంటికి వచ్చేసరికి ఆయన భార్య గుమ్మంలోనే ఉంది. "ఆలస్యమైందేం?" అంటూ గుండీలు విప్పడం మొదలుపెట్టింది.

"రేపట్నుంచి తీరిగ్గా పెట్టొచ్చులే" అన్నాడు.

ఆవిడ చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి. "ఇన్నాళ్లకి చొక్కాలు బతుకుతాయి" అంది. ఆ తరువాత ఆయన బొటనవేలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పట్టుకుందని ఆయనకు చూస్తే తెలిసింది.

మర్నాడు పొద్దున్న డెంటర్ అందరికన్నా ముందు వచ్చాడు. పక్క బల్ల దగ్గర ఎవరూ లేరు. బకెట్ నిండుగా ఉంది. మేకు మీది గుడ్డ తీసి, బట్టల సోడా డబ్బా తెచ్చి, బకెట్ మీదికి వంగాడు. ముంచితే ఒక్క నిమిషం పని. వంగినవాడు వంగినట్టే ఉండి, లేచి, గుడ్డ దులిపి మళ్లీ ఉన్నచోటే తగిలించాడు. గోడ మీద ఎర్రటి ఉన్ని గుడ్డ, మధ్యలో అరచెయ్యంత పసుపు.